ఆకుపచ్చ పెన్సిల్

టాంజియర్ దీవి, చర్చి వెనక గది.
బల్ల మీద పటం పరిచాను,
చుట్టుకుపోకుండా మూలల్లో కాఫీ కప్పులు పెట్టి.

ఎరుపంటే ఇక ఇల్లు కట్టకూడదు.
పసుపంటే గుంజల మీదికి ఎత్తాలి.
ఆకుపచ్చంటే నిశ్చింత.
పొద్దుటినుంచి ఎర్ర పెన్సిల్‌ని మూడుసార్లు చెక్కాను.

పీతలు పట్టే ఎల్స్‌వర్త్
ఉప్పుకి పగిలిన వేలు తెచ్చి
పటంలో ఉత్తి నీలమున్న చోట ఆనించాడు.
"ఇది మా అమ్మమ్మ వాళ్ల వీధి.
దీనికేం రంగేస్తావ్?"

నిబంధనల పుస్తకంలో
ఏదో వెతుకుతున్నట్టు పేజీలు తిప్పాను.

బడి ఎక్కడికి మారుస్తావంది థెల్మా.
నేను చూపిన మెరక చూసి నవ్వేసింది.
"పోయిన తుఫానుకి మా పడవ దొరికింది అక్కడే, తలకిందులుగా."

నిన్నటి గీత చెరిపాను.
రబ్బరు పొట్టు ఊదితే
సగం దీవి మీద పడింది.

సాయంత్రం సామాను సర్దుతుంటే
ఎవరి పిల్లో, ఐదారేళ్లుంటాయి,
డబ్బాలో వేలు పెట్టి అడిగింది:
"దీన్నెవరూ వాడలేదుగా, నాకిస్తావా?"
మొన చెక్కు చెదరలేదు.
ఇచ్చాను.

పడవ కదిలేసరికి
రేవు గుంజ మీద,
నీటి మరకకి జానెడు పైన,
పచ్చటి ఇల్లొకటి. తలుపు ఇంకా గీస్తూనే ఉంది.