ముప్పై ఒకటో వారం

దబ్బనం పోట్లు ఇంకా గట్టిగానే ఉండాయి.
పురికొస మాత్రం కుళ్లి
ముట్టుకుంటే పొడి రాలతా ఉంది.
వారపత్రికలో నుంచి చించిన కాగితాలు,
నూట నాలుగు వారాల నవల,
అట్టకి చిత్తూరు బెల్లం మండీ వాళ్ల క్యాలెండరు.
గ్రీమ్స్‌పేట టీచరమ్మ తూకానికి వేస్తానంటే
మాసిన గుడ్డల మూటలో దోపుకోని తెచ్చింది
మా అమ్మ దొరసానమ్మ.
చదవను రాదు. బొమ్మలు చూసి వరస పెట్టి కుట్టింది.
అందుకే మా నవల్లో ముసిలామె చచ్చిపొయ్యి
పది పేజీల తర్వాత పెండ్లికూతురయింది.

పదహారేండ్లకి చదివినాను మొదటిసారి,
నీవా గట్టున దుప్పట్లు ఆరేసి
కాకులు రెట్ట వెయ్యకుండా కాపలా కూర్చోని.
మొదటి పేజీలో వంశవృక్షం, నలభై ఏడు పేర్లు.
మా చిన్నాయన కొడుకుల పేర్లన్నా తడబడతానేమో గానీ
శేషశయనం రెండో పెండ్లాం పిలకాయల పేర్లు
నిద్దర్లో లేపి అడిగినా చెప్తాను.

వాళ్ల ఊర్లో కాలవలు, పడవలు.
నేను కాలవంటే మురుక్కాలవే చూసినదాన్ని.
వాళ్లు మాట మాటకీ "అండీ" అనుకుంటారు.
సంగటి ముద్ద మింగతా
ఆ అండీని కూడా ఊరుబిండిలో అద్దుకున్నాను.
వాళ్ల పంక్తి చివర నాకూ ఒక ఆకు వేసినారు.
ఎవురి బిడ్డవని ఎవురూ అడగలా.

మొన్న రాత్రి డ్యూటీ దిగొచ్చి మళ్లీ తెరిచినాను.
జిల్లా ఆస్పత్రి రికార్డు గదిలో
ముప్పై మూడేండ్లు పేర్లు రాసిన చెయ్యి ఇది.
పేరు లేని చీటీ కాడ దానంతట అదే ఆగిపోతుంది.

"చాకలిది వచ్చింది."
"చాకలిది వెళ్లింది."
పెన్సిల్తో గీతలు పెట్టుకుంటా పోతే పద్దెనిమిది.
నలభై ఏడు మంది పురుడు గుడ్డలు, చావు గుడ్డలు
మోసిన మనిషి
వంశవృక్షంలో ఆకు కాదు, చీమ కాదు.

కుముదవల్లి కోసం ఎంత ఏడ్చినాను నేను!
అరవయ్యో వారంలో ఆ తల్లే
జరీ చిరిగిందని నెల కూలి కోసేస్తుంది.
అదీ పూర్తి వాక్యం కాదు. రెండు కామాల మధ్య.
ఆ కామాలని ఎట్ల దాటుకోని పోయినానో
ఆ పొద్దు, తడి దుప్పట్ల మధ్య కూర్చోని.

మూసేద్దామనుకున్నా.
అయితే ఆ రాసినాయన వాన రాస్తే
నిజంగానే తడుస్తాము, ఏం చేసేది.
దీపం ఆరిన చావిట్లో ముసిలామె
చచ్చిపోయిన మొగుడి చెప్పుల్ని
కాలితో తడుముకునే చోటు ఒకటుంది.
కోపం కోపంగానే ఉంది.
కండ్లు వాటి పని అవి చేసుకున్నాయి.

ముప్పై ఒకటో వారం లేదు.
అందులో మా అమ్మ నాకు చెనక్కాయలు పొట్లం కట్టిచ్చింది,
తిరుపతికి పరీక్ష రాయను పోతాంటే.
ముప్పైలో శేషశయనం నవ్వతా ఉంటాడు,
ముప్పై రెండులో పదకొండో రోజు.
ఆయన చావు నేనే రాసుకున్నాను:
వరద కాలవలో దూకి
చాకలి పిల్లని గట్టుకు తోసి, తాను మునిగిపొయ్యి.
నిన్న లైబ్రరీలో అచ్చు పుస్తకం దొరికింది.
విషజ్వరం. నాలుగు లైన్లు.
నాదే బాగుండింది.

వరస సరిచేసి కుడదామని కాగితాలు విప్పినాను.
ముసిలామె పెండ్లికూతురయ్యే పేజీ కాడ
చెయ్యి రాలేదు.
వంశవృక్షం కింద బెత్తెడు ఖాళీ ఉంది.
పెన్ను మూత తీసినాను.
ఆమె పేరేందో నాకు మాత్రం ఏం తెలుసు?
రాసినాయన్నే అడగల్లంటే ఆయన్లేడు.
మళ్లీ మూత పెట్టేసినాను.

రేపు సంతపేటలో పురికొస కొనాల.