ఎన్ని పోట్లు?

బస్సు దిగి, తడిగొడుగు ముడవడం చేతకాక
గుమ్మంలోనే నిలబడితే
ఇసోయో అడిగింది:
"ఎన్ని పోట్లుంటారు?"

నా భాషలో పూటకూళ్ళ ఇంటికి
పూటల లెక్క తెలుసు,
పోట్ల లెక్క తెలీదు.
రెండు వేళ్ళు చూపించాను.
అంటే రేపు ఇదే వేళకి, ఇంకో ముప్పావుగంట పైన, అంటూ
పలక మీద రెండు గీతలు గీసింది.

తొమొ రేవు ముందు
తూర్పు నుంచి వచ్చే నీళ్ళూ పడమటి నుంచి వచ్చే నీళ్ళూ
ఎదురుపడి, ఏమీ తోచక కాసేపు ఆగుతాయట.
తరవాత ఎవరి దారి వాళ్ళది,
పెళ్ళయ్యాక బస్టాండులో చుట్టాలు విడిపోయినట్టు.
తెరచాపల రోజుల్లో ఓడలు పోటుతో ఇక్కడికి చేరి
ఆటు కోసం లంగరేసేవి.
గాలి కూడా కలిసి రావాలి.
ఆ కాచుకోవడం మీదే బతికింది ఊరు:
మేకులు, తాళ్ళు, మూలికల సారా,
ఈ సత్రం.

మేడమెట్లు నిచ్చెనకి తోబుట్టువులు.
సంచిని ముందు పంపి, వెనక నేను.
ఆరు చాపల గది, ఒక కిటికీ.
కిటికీ కింద రేవు మెట్లు నీళ్ళలోకి దిగిపోతున్నాయి.
ఎన్ని మెట్లని అడిగితే
పొద్దున ఒకటి చెప్తారు, సాయంత్రం ఒకటి.
రెండూ నిజమే.
మెట్ల చివర రాతి దీపస్తంభం,
లోపల నూనె లేదు, బల్బు.

గది మూల స్తంభానికి కత్తిగాట్లు.
వేలు పెట్టి లెక్కపెట్టాను.
పద్దెనిమిది నిండు గాట్లు,
పందొమ్మిదోది సగంలో ఆగింది.

"గాలి తిరిగి ఉంటుంది," అంది ఇసోయో, పరుపు పరుస్తూ.
"లేకపోతే కత్తి మొద్దుబారి ఉంటుంది.
మా అత్తగారైతే
ఇంటాయన వచ్చి చెవి మెలిపెట్టాడనేది.
స్తంభానికున్న కథలకి
అద్దె వేరే తీసుకోవాలి నిజానికి."

రాత్రి వంటింటి తలుపు తోసుకుని తొకుజో వచ్చాడు,
ఒక చేతిలో ఎర్రచేప, ఇంకో చేయి మోకాలి మీద.
చేప ధర గురించి ఒక్క మాట,
మోకాలి గురించి అరగంట.
అన్నంలో ఉడికిన చేప కన్ను
నా వైపే చూస్తోంటే
గిన్నె కొంచెం తిప్పుకున్నాను.

ఎదురుగా చీకట్లో ఒక దీవి.
పడవలో ఐదు నిమిషాలు.
యాభై ఒక్క ఏళ్ళుగా ఈ ఇంట్లో ఉన్న మనిషి
ఎన్నిసార్లు వెళ్ళి ఉంటుందో అని అడిగాను.
"ఎందుకు? ఇక్కణ్ణుంచి బాగానే కనిపిస్తుందిగా."
పడవెక్కితే ఆమెకి తలపోటు.
కప్పు కడిగి బోర్లించి, మళ్ళీ అంది:
"మా ఆయన ఎక్కేవాడు. నా వంతు కూడా."
అంతకంటే చెప్పలేదు.
నేనూ చాప అంచు దారాలు చూసుకుంటూ కూర్చున్నాను.

అర్ధరాత్రి దాటాక మెలకువ.
పడవలు ఒకదానికొకటి ఒరుసుకుంటున్న చప్పుడు,
ఇరుకు పక్కలో పిల్లలు జరుగుతున్నట్టు.
నీళ్ళు ఎక్కుతున్నాయో దిగుతున్నాయో
చెవికి తెలీలేదు.
దుప్పట్లోంచి చెయ్యి చాపి
ఆ సగం గాటు తడిమాను.
లోపల నున్నగా ఉంది.
నాకు ముందు చాలామందికి
నిద్ర పట్టలేదన్నమాట.

పొద్దున ఆటు.
నిన్న లేని ఏడు మెట్లు బయటపడ్డాయి,
పాచితో, పీచుతో,
పసిపిల్ల చెప్పు ఒకటితో.
కింద మెట్టు మీద కూర్చున్నాను.
సముద్రం ఎక్కడికో పని మీద వెళ్ళింది,
వస్తుంది.

సాయంత్రం డబ్బు కట్టి, సంచి భుజాన వేసుకుని,
బూట్ల తాడు ముడేస్తూ
మెట్ల వైపు చూశాను, ఊరికే.
ఏడోది మునిగింది. ఆరోది. ఐదోది.
నాలుగోది నాకేసి చూస్తూ మునిగింది.
బస్సు ఏ పోటుకీ ఆగదు,
మలుపు తిరిగి వెళ్ళిపోయింది.
తరవాతి బస్సు రెండు గంటలకి.

ఇసోయో ఏమీ అడగలేదు.
పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.
మేకుకున్న పలక దింపి, సుద్ద తీసి
రెండు గీతల పక్కన
ఒక సగం గీత గీసింది.