ఈరు

సితాంకాయ్‌లో మా ఇల్లు సముద్రంలో పాతిన గుంజల మీద.
గుమ్మం దిగితే నీళ్ళే.
పాటుకి మోకాలి లోతయ్యేదాకా ఆగి
తాళ్ళ దగ్గరికి నడుస్తాం, నేనూ మనవరాలు మినూరా.
తాడుకి నూటయాభై ముడులు, ముడికో పిలక.
ఎరగనివాళ్ళు నాచు అంటారు.
మాకది పైరు.

ఆ వేళ మినూరా ఒక కొమ్మ తిప్పి చూసి
"నానమ్మా, దీనికి చలేస్తోందా?" అంది.
ఒళ్ళు జలదరించినట్టు సన్నటి బొడిపెలు,
ఒక్కో బొడిపె నడుమ సూదిమొనంత నలుపు.

నాకు తెలుసు.
చెప్పలేదు.

గాలి దిశ మారి, వానలకి ఉప్పు పలచబడ్డ రోజుల్లో
ఎప్పుడో వచ్చుంటుంది.
కాళ్ళు లేవు, తెడ్డు లేదు,
నీరు ఎటు పోతే అటే దాని ఊరు.
మెత్తటి చోట ఒరిగి
ఒక వేరు పైరు తోలులోకి దింపింది,
ఒక పోగు వెలుతురులోకి ఎత్తింది.
మూడో వారానికి కొమ్మంతా నూగు.
ఆ తర్వాత తనంతట తానే రాలిపోయింది,
పోతూ పోతూ గుంట మిగిల్చి.
ఆ గుంటలోంచి కుళ్ళు దిగింది.
తెల్లబడ్డ కొమ్మ పట్టుకుంటే పుటుక్కుమంది.

"ఈరును పేను చెయ్యకు" అన్నాడు సరుకు కొనే జుమైదిల్.
నేను చెయ్యలేదయ్యా,
నువ్వు అప్పుగా ఇచ్చిన నారుకట్టలోనే
ఈరు వచ్చింది, ఈరే పేనైంది.
మాట నోటిదాకా వచ్చి ఆగింది.
బియ్యం కూడా అతని కొట్లోనే.

బొంగావ్ కాలేజీ నుంచి ఫర్సియా అనే పిల్ల
మైక్రోస్కోపు మోసుకొచ్చింది.
ఒక కన్ను మూసి చూశాను.
చెట్టు!
ఎర్రగాజు చెట్టు, కొమ్మ కొమ్మకీ గదులు,
గదిలో నాలుగేసి గింజలు.
వీటిలో ఆడా మగా వేరట.
తల్లి ఒంటి మీదే ఒక తరం పుట్టి
ఒడి దిగకుండానే విత్తుతుందట.
సూదిమొన మీద ఇంత వంశం!

నా పైరుకేముంది?
కాపరానికొచ్చిన కొత్తలో
మా అత్త అలూయా చేతిలో చూసిన కొమ్మే
మొన్న జుమైదిల్ పడవలో వచ్చిన కొమ్మ.
విరిచి కట్టి, విరిచి కట్టి,
ఇన్ని దీవుల్లో ఇన్ని తాళ్ళూ ఆ ఒక్కటే.
పెళ్ళి లేదు, పురుడు లేదు.
నలభై ఏళ్ళుగా ముక్కలవుతూ బతుకుతోంది.
తెగులుకి ఒక ముక్క రుచి తెలిస్తే
అన్నీ తెలిసినట్టే.

సాయంత్రాలు చపటా మీద కూర్చుని నారు ఏరుతున్నాం.
మినూరా కళ్ళు మంచివి.
తలలో పేలు చూసినట్టు
పాయ పాయ విడదీసి చూస్తుంది,
చుక్క కనబడితే తుంచేస్తుంది.
తుంచింది నీళ్ళలోకి విసరబోతే కసిరాను.
"మరెక్కడ వెయ్యను?" అంది.

పిడికెడు మన్ను లేని ఊరు మాది.
నూనెడబ్బాలో వేసి మూత బిగించాం.
ఇప్పటికి మూడు డబ్బాలు నిండాయి.