కుప్పలో చెయ్యి

అరకు బండికి రాత్రంతా ఉంది.
మా స్వెట్టర్లు రెండూ
నెల్లూరులో మంచం మీదే ఉండిపోయాయి.
"రెండు రోజుల చలికి కొత్తవెందుకే" అని
తబిత నన్ను పూర్ణా మార్కెట్ దాటించి
పాతబట్టల కుప్ప ముందు కూలేసింది.

ఉప్పుగాలి, ఎండుచేపలు, కలరా ఉండలు.
మోచేతి దాకా చెయ్యి దించి
వేళ్లతోనే ఉన్నిని వెతుకుతుంది తబిత,
బియ్యంలో రాయిని పట్టినట్టు.

"ఏటమ్మా, అలా కెలికేత్తన్నారు!
సిరుగు లేదు, మరక లేదు,
ఒకలు తొడిగినారు, అంతే."
అసిరమ్మట పేరు, పక్కామె పిలిస్తే తెలిసింది.

మా అమ్మ వీధిగుమ్మంలో
నాన్న ప్యాంట్లు రెండు, నా స్కూలు గౌనూ ఇచ్చి
స్టీలు డబ్బా అడిగేది.
మూత ఇవ్వనంటే
లోపలికెళ్లి ఇంకో చీర తెచ్చేది.
ఆ మూటలు ఎక్కడికి పోతాయో
నేనెప్పుడూ అడగలేదు.

ఇదిగో, ఇక్కడికి.
ఎవరింటి గరిటో ఈ చొక్కా.
ఎవరి పాలగిన్నో ఈ శాలువా.

తబితకి ఓడవాళ్ల నీలం కోటు దొరికింది,
ఇత్తడి గుండీ ఒకటి తక్కువ.
నాకు చేత్తో అల్లిన ఆకుపచ్చ స్వెట్టరు.
ఎడమ చెయ్యి చివర మాత్రం వేరే పచ్చ,
ఊలు అయిపోయుంటుంది.

నూట ఎనభై అంది అసిరమ్మ.
ఎనభై అంది తబిత.
"అల్లడానికే నెల పడుతుంది కదే" అన్నాను నేను.
తబిత నా కాలు తొక్కింది.
అసిరమ్మ నవ్వి
నూట ఎనభైకే ఇచ్చింది.

స్టేషన్ బెంచీ మీద
ఓడంత వెడల్పున నిద్రపోతోంది తబిత.
నేను ఆ రెండో పచ్చని లెక్కపెట్టాను,
పదకొండు వరసలు.
చెమట కారుతూనే ఉంది.
విప్పబుద్ధి కాలేదు.