తిక్కల పట్టిక

బర్నో ఊళ్లో ట్రామును షలీనా అంటారు.
ప్రాగ్ నుంచి వచ్చినవాడు ట్రామ్వాయ్ అంటే
పక్కసీటు ముసలాయన మీసంలో నవ్వుకుంటాడు,
కాస్త జరిగి చోటిస్తాడు.
కెర్నల్ అంటే ఏమిటని అడిగిన మొదటిరోజు
ద్రహొమీరా నాకు చెప్పిన జవాబు ఇంతే.

మీట నొక్కాక
తెర మీద అక్షరాలు పరుగెత్తే ఆ నాలుగు సెకన్లు
అది చీకట్లో తడుముకుంటూ గదిగదికీ వెళ్తుంది.
ఎవరక్కడ?
నేను డిస్కుని. నేను కీబోర్డుని.
ఒక తలుపు వెనక ఉలుకూ పలుకూ ఉండదు,
కాసేపు ఆగి, ఇంకొంచెం ఆగి, ముందుకు పోతుంది.
ఒక సౌండుకార్డు తన పేరడిగితే అన్నగారి పేరు చెబుతుంది,
చేసినవాళ్లకి కొత్త నంబరు వేసే ఓపిక లేక.
సరే, నువ్వు ఫలానా తమ్ముడివి కదూ
అని గుర్తుపట్టి కూర్చోబెడుతుంది.

ద్రహొమీరా అమ్మమ్మ
ఇరవై అయిదుని అయిదూ-ఇరవై అనేదట.
బళ్లో మాత్రం ఇరవై ముందు, అయిదు వెనక.
"రెండు లెక్కలతో పెరిగాను,
సంతలో ఒక్క గుడ్డు పోగొట్టలేదు."
ప్రాసెసర్లూ అంతే,
ఒకటి అంకెని చిన్నకొస నుంచి పట్టుకుంటుంది
ఒకటి పెద్దకొస నుంచి,
ఎడ్డెమంటే తెడ్డెం.
మధ్యన కూచున్నదానికి రెండూ రావాలి.

ఆమె దగ్గర ఒక ఫైలుంది.
తిక్కల పట్టిక అని పేరు పెట్టుకున్నాం.
ఊరందరిదీ ఒకదారి,
ఉలిపికట్టెలన్నీ ఇందులోకి చేరతాయి.
ఈ స్కానరు పడుకుంటే లేవదు, పడుకోబెట్టకు.
ఈ బ్యాటరీ ఎప్పుడూ నూరు శాతమంటుంది, నమ్మకు.
దీన్ని రెండుసార్లు అడుగు, మొదటిసారి వినదు.
పక్కన తేదీ, చెప్పినవాళ్ల పేరు.
ఎక్కడా ఒక్క తిట్టు లేదు.

ఏప్రిల్లో నా చేతికి చీపురిచ్చారు.
పాత డ్రైవర్లు ఊడ్చెయ్యమన్నారు.
ఒకదానివి నాలుగువేల వరసలు,
పన్నెండేళ్లుగా ఎవరి చెయ్యీ పడనివి.
ఆ కార్డు చేసిన కంపెనీ లేదు,
ఫ్యాక్టరీ ఉన్నచోట ఈతకొలను.
ద్రహొమీరా లిండెన్ పూల టీ ఊదుకుంటూ
"అడిగావా?" అంది.
ఎవర్ని అడగను?
తీసేశాను.
ఆ సాయంత్రం చేతులు తేలిగ్గా అనిపించాయి.

సెప్టెంబర్లో యెసెనీకీ కొండల మీంచి ఉత్తరం.
వెండెలీన్ అట, వాన కొలిచే కేంద్రం చూసుకుంటాడు.
'కొత్త కెర్నల్ వేశాం.
మూడు రోజులుగా ఇక్కడ కుండపోత,
యంత్రం సున్నా అంటోంది.
బకెట్టు బయటపెట్టి స్కేలుతో కొలుస్తున్నాను,
రాత్రిళ్లు గంటకోసారి లేచి.
తొందరేం లేదు.'

ఆ చివరి మాట దగ్గర
చాలాసేపు కదల్లేకపోయాను.

తీసినవి మళ్లీ పెట్టడానికి ఒక్క ఆజ్ఞ చాలు.
ఉత్తరం రాయడానికి మాత్రం పూటంతా పట్టింది.
ద్రహొమీరా ఒక్క ప్రశ్న చేర్చమంది:
చలికాలంలో అదెలా ఉంటుంది?
'ఆలస్యంగా పలుకుతుంది, నాలాగే' అని రాశాడాయన.
ఇరవై మిల్లీసెకన్లు ఆగు, మంచు పడితే నలభై,
అని పట్టికలో రాయబోయాను.
మంచు పడిందని కెర్నల్‌కి ఎవరు చెబుతారు?
"ఎవరూ చెప్పరు. ఎప్పుడూ నలభై అని రాయి."
ఆ కార్డున్న చోటే ఆ ఆగడం.
మిగతా లోకానికి తెలియనే తెలియదు.

కెర్నల్ కట్టేముందు వేల ప్రశ్నలడుగుతుంది,
ఇది కావాలా, వద్దా,
లేక పిలిచినప్పుడు వస్తే చాలా?
అంతకుముందు చదవకుండా వద్దు వద్దని నొక్కేవాణ్ణి.
ఇప్పుడు ఒక్కోదాని దగ్గర
కిటికీలోంచి షలీనా ఒకటి వెళ్లిపోయేదాకా ఆగుతున్నాను.
పని నెమ్మదించిందని పైవాళ్ల గొణుగుడు.

మర్నాడు పొద్దున వెండెలీన్ రెండు అంకెలు పంపాడు.
యంత్రంలో అరవై ఒకటి.
బకెట్టులో అరవై మూడు.
కింద చిన్న అక్షరాల్లో,
'బకెట్టే కొంచెం వంకర, ఏమీ అనుకోకండి.'