కొలతల వారం

శనివారం సాయంత్రం
వారపు నివేదిక నింపాలి నేను.
మూడో తరగతి, భోలక్‌పూర్.
పట్టీలో ముప్ఫై నలుగురు, వచ్చినవాళ్లు ఇరవై తొమ్మిది.
గళ్లు చిన్నవి. నా చేతిరాత పెద్దది.

సోమవారం జానలతో బెంచీ కొలిచాం.
రేష్మాకి తొమ్మిది, బాలకిషన్‌కి ఎనిమిదిన్నర,
నాకేమో ఆరు.
ఒకటే బెంచీ, ముగ్గురికి మూడు పొడుగులు.
"మీ చెయ్యి తొండి చేస్తున్నది టీచర్" అన్నాడు బాలకిషన్.
ఆ తొండి దగ్గరే మొదలైంది స్కేలు పాఠం.
పుస్తకంలో ఇంకోలా ఉంది.

లీటరు చెప్పబోతే నాకే చెప్పారు:
నల్లా రోజు విడిచి రోజు,
తెల్లారగట్ల నాలుగింటికి, గంటసేపు.
గంటకు పన్నెండు బిందెలు,
పక్కింటోళ్లు మోటారు వేస్తే ఎనిమిదే.
ఇది కూడికా, తీసివేతా?
బోర్డు మీద రెండూ వేశాను.

బుధవారం మ్యూజియం.
సిటీ బస్సులో కండక్టరమ్మ తలలు లెక్కపెట్టి
రెండుసార్లకు రెండు లెక్కలు చెప్పింది.
నయాపూల్ మీద అందరూ ముక్కులు మూసుకున్నారు,
కిందటేడు ఒడిశా నుంచి వచ్చిన జెమా తప్ప.
"ఇదేనా నది?" అంది.
ఇదే. మూసీ.
చెబుతూ చెబుతూ ముక్కు మీంచి చెయ్యి తీసేశాను.

పెద్ద గడియారం ముందు నేల మీద కూచుని
పన్నెండు కోసం చూశాం.
గడ్డపు బొమ్మ బయటికొచ్చి
గంట కొట్టి కొట్టి లోపలికి పోయింది.
చప్పట్లు అయ్యాక ఇర్ఫాన్ అడిగాడు:
"పన్నెండు దెబ్బలకూ ఒక్క దెబ్బకూ కూలి ఒకటేనా?"
గడిలో ఏమని రాయను?
'కాలం: అవగాహన వచ్చింది.'

గురువారం
హ్యాంగరుకు రెండు కొబ్బరి చిప్పలు కట్టి తక్కెడ చేశాను.
గర్వంగానే ఎత్తి పట్టుకున్నాను.
తబస్సుమ్ లేచింది. వాళ్లది పాత ఇనుము దుకాణం.
"టీచర్, అయస్కాంతం మర్చిపోయిన్రు."
"ఎక్కడ?"
"రాళ్ల తట్ట కింద. మా కాంటాకు ఉంటది కదా."
కాళ్లూ చేతులూ లాగా
కాంటాకు పుట్టుకతో వచ్చిందేనన్నట్టు చెప్పింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వాలన్నా అర్థం కావాలి.
నర్సింగ్ ఒక్కడు
(పొద్దంతా ఏరిన రేకులూ సీలలూ
మాపటికి వాళ్లమ్మ ఆ కాంటా మీదే పోస్తుంది)
నోట్లోంచి పెన్సిలు తీసి
మెల్లగా అడిగాడు:
"అది ఎంత బరువుంటది?"

తక్కెడ దించాను.
జానెడు తొండికి స్కేలు దొరికింది,
దీనికి నా దగ్గర ఏముంది?
"రేపు చూద్దాం" అన్నాను.
టీచర్లు దాక్కునే చోటది.
రేపు వచ్చింది. పొడుపు కథలు పెట్టాను.
ఎప్పుడూ ముందు విప్పే తబస్సుమ్
ఒక్కదానికీ చెయ్యెత్తలేదు.

ఇవాళ తలుపు చెక్క మీద ఎత్తులు.
అందరూ మడమలు లేపినవాళ్లే.
నన్నూ నిలబెట్టి, బెంచీ ఎక్కి గీత గీసి
పక్కన 'ఒకటిన్నర చీపురు' అని రాశారు.

ఇంటిబెల్లు కొట్టాక తబస్సుమ్ కదల్లేదు.
రుమాలు ముడి విప్పి
బల్ల మీద నల్లటి చక్రం పెట్టింది.
ఏ పగిలిన స్పీకరులోదో.
అంచు చుట్టూ ఇనుప రజను, మాసిన గడ్డంలా.
"సైన్సు మూలకు" అంది.
"అబ్బాకు తెలుసా?"
సంచీ జిప్పు వేసింది, తీసింది, మళ్లీ వేసింది.
డబ్బాలో గుండుసూదులు మాత్రం
అడక్కుండానే లేచొచ్చి అతుక్కున్నాయి.

వరండాలో నర్సింగ్,
ఎప్పటినుంచో చెప్పు బకిలు పెట్టుకుంటూ.
లోపలికి రమ్మన్నాను.
ముగ్గురం తూచాం.
నూట అరవై గ్రాములు.
వాడు అరచేతిలో రాసుకుని
పిడికిలి మూశాడు.
ఆ పిల్ల ఆ పిడికిలినే చూస్తూ నిలబడింది.
ఇద్దరూ ఒకే గేటులోంచి, కాస్త ఎడంగా, వెళ్లారు.

రేపు ఆ దుకాణంలో తట్ట ఎటు ఒరుగుతుందో,
సోమవారం నా గది ముందు ఎవరు నిలబడతారో.
నివేదికలో చివరి గడి ఖాళీగా ఉంది:
'ఈ వారం సమకూరిన బోధనోపకరణాలు.'
చిన్న అక్షరాలతో రాశాను:
అయస్కాంతం, ఒకటి.
విద్యార్థిని తెచ్చినది.