వంతు

మూడు వేల ఎకరాలకి నీళ్ళొదిలే లస్కరుని నేను.
షట్టరు మీద చెయ్యేస్తే చాలు,
కింద ఎన్ని అంగుళాలు పారుతోందో అరచేతికే తెలుస్తుంది.
ఇంట్లో మాత్రం
ముప్పావు లీటరు సీసా మీద మార్కరుతో గీతలు గీసి
నా పెళ్ళానికి నీళ్ళు కొలుస్తాను.

పొద్దున మాత్రలకి ఒక గీత.
అన్నం తిన్నాక ఒకటి.
మిగతాది నీ ఇష్టం వీరవేణీ, అంటాను.
ఆ ఇష్టానికీ గీతే.

సోమ, బుధ, శుక్ర.
నాలుగున్నరకి లేచి కూరముక్కలు ఉడకబెట్టి
ఆ నీళ్ళు పారబోసి,
మళ్ళీ ఉడకబెట్టి, మళ్ళీ పారబోసి
రుచంతా తూములో పోయాక మిగిలినదాన్ని
కూరని పేరు పెట్టి క్యారేజీలో సర్దుతాను.
అయిదూ పదికి అమలాపురం బస్సు.
బస్టాండు ముందు బొండాల బండి కనబడగానే
ఇద్దరం ఒకేసారి తల తిప్పేసుకుంటాం.
పెరట్లో పదకొండు చెట్లు మాకు.
దింపు తీసినరోజు కాయలన్నీ వ్యానెక్కేదాకా
ఆమె తలుపేసుకుని పడుకుంటుంది.

సూదులు రెండు. నాలుగు గంటలు.
వరండా బెంచీల మీద మాదొక ఊరు.
భర్తకోసం రాజోలు నుంచి సుభద్రమ్మ,
తల్లికోసం పదో తరగతి పుస్తకాలేసుకుని ఏసుబాబు.
అక్కడ ఎవరూ ఎవర్నీ ఎలా ఉందని అడగరు.
"ఎన్ని కిలోలు పెరిగారండీ?"
"రెండున్నర."
"నయమేనండి. మావారు నాలుగు."
అని తల దించుకుంటుంది,
ఆ నీళ్ళు తనే తాగినట్టు.

దాళ్వాకి గోదారి సన్నబడితే వంతులు పెడతారు.
మూడ్రోజులు పైచేలకి, మూడ్రోజులు శివారుకి.
శివారు రైతు అర్ధరాత్రి టార్చిలైటేసుకొచ్చి
"నా వంతేదిరా" అని నిలదీశాడు.
"పొద్దున్నే ఆసుపత్రికండి, మా బావమరిది తిప్పుతాడు."
"నీ పెళ్ళాం జబ్బుకి నా చేను ఎండాలా?"
తప్పు పట్టలేను. పొట్టమీదుంది చేను.
పైగా ఆ మాట నేనూ అనుకున్నదే,
కాస్త వేరే మాటల్లో.

చెప్పేస్తాను.
మాఘంలో ఒక బుధవారం ముక్తేశ్వరం దాటాక బస్సు చెడింది.
ఆటో కోసం గట్టిగా వెతకలేదు. వెనక్కొచ్చేశాం.
ఆ పగలు నిద్రపోయాను,
రెండేళ్ళ బాకీ ఒక్కపూటలో తీర్చినట్టు.
లేచేసరికి దీపాలవేళ.
మూడు దిండ్లకి ఆనుకుని, కాళ్ళుబ్బి,
చిన్నచిన్నగా ఊపిరి లాక్కుంటోంది.
లేపొచ్చు కదా అన్నాను.
"పడుకున్నావుగా" అంది.
ఆ ఒక్క ముద్ద ఇంకా గొంతు దిగలేదు.

ఇంకో రాత్రి కుండ దగ్గర చప్పుడు.
దొంగని పట్టుకున్నట్టు మణికట్టు పట్టుకున్నాను.
చెంబు ఒలికి ఇద్దరం తడిశాం.
తడిసిన పైట కొస
పెదాలకి అద్దుకుంది ఆమె, నా కళ్ళలోకి చూస్తూ.
గట్టు మీదకి పోయి తెల్లారేదాకా కూచున్నాను.
కింద అన్ని నీళ్ళు.

వైశాఖంలో కాలవలు కట్టేశారు.
అడుగు బయటపడింది. గుర్రపుడెక్క, పాత చెప్పులు,
బురదలో పిల్లలు చేపలు పడుతున్నారు.
లాకుల మీద నా పక్కన కూచుని
"నీ కాలవ కట్టేశారుగా, నాకెప్పుడు కడతారు?" అంది నవ్వుతూ.
నేను మాట వెతుక్కునేలోపు
నవ్వు ఆపి
"పోనీ, నీకెప్పుడు?" అంది.

రాత్రి లైటు తీశాక
ఆమె ఎడంచేతి మీద, సూదుల మచ్చల పక్కన
బొటనవేలు ఆనిస్తాను. డాక్టరమ్మ నేర్పింది.
చర్మం కింద జుమ్మని ఉండాలి,
ఆగితే ఆ క్షణమే బయల్దేరి రావాలి.
ఉంది.
షట్టరు కింది నీళ్ళలాగే, వేలికి తెలుస్తోంది.
నిద్రపోయిందనుకున్నాను.
"ఎన్ని అంగుళాలు?" అంది చీకట్లో.
ఏదో ఒక అంకె చెప్పాను.